మస్తాన్ వలి గీసిన గీతలు

కదిరిలో పరుపులు కుట్టే మస్తాన్ వలికి మాటలు దూదిలాంటివి. పిడికెడు దొరికితే చాలు, ఇల్లంతా నింపేస్తాడు. పరుపు కావాలని వచ్చినవాళ్ళు కొలతలు చెప్పి పోవడానికి పది నిమిషాలు చాలు. కానీ ఆయన అంగడి మెట్లెక్కి గంటలోపు దిగినవాళ్ళు లేరు. మంచం ఏ కర్రతో చేసింది, చేసిన వడ్రంగి ఎవరు, ఆ వడ్రంగి కూతుర్ని ఏ ఊరికిచ్చారు, ఆ ఊళ్ళో ఈ ఏడు చెనక్కాయ ఎంత పండింది, ఇవన్నీ తేలితే తప్ప టేపు బయటికి రాదు. "ఈ మనిషి నోరు దబ్బనంతో కుట్టేసినా కుట్ల సందులోంచి మాట్లాడతాడు" అని భార్య రంజాన్ బీ వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతుంది. చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి. మొగుణ్ణి తిడుతున్నట్టు ఉండదు, మెళ్ళో నగ చూపిస్తున్నట్టు ఉంటుంది.

అలాంటి మస్తాన్ వలి వారం రోజులుగా నోరు విప్పడం లేదు. అడిగితే ఊ అంటాడు, అడక్కపోతే అదీ లేదు.

వారం కిందట, గురువారం నాడు, మొగుడూ పెళ్ళాలిద్దరూ బెంగళూరు ఆస్పత్రిలో డాక్టర్ భారతి ముందు కూర్చున్నారు. డాక్టరమ్మది మడకశిర వైపు. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో తేలుతుంది, మళ్ళీ తెలుగులోకి వస్తుంది. మూడేళ్ల కింద రంజాన్ బీ ఎడమ రొమ్ములో గడ్డ వచ్చినప్పుడు, ఆపరేషన్ అయ్యాక, ఐదు వారాలు కరెంటు పెట్టింది ఆమే. రేడియేషన్‌ను ఇక్కడ అందరూ కరెంటు పెట్టడం అనే అంటారు. అది వినీ వినీ డాక్టరమ్మకీ ఆ మాటే అలవాటైపోయింది.

"చూడమ్మా, ఆపరేషన్ చేసిన చోట, కరెంటు పెట్టిన చోట ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. ఎడమ ఊపిరితిత్తిలో మాత్రం ఒకటి కనిపిస్తోంది. చెనక్కాయ గింజంత. ముక్క తీసి పరీక్ష చేశాం కదా, పాత జబ్బే తిరిగొచ్చింది," అంది డాక్టరమ్మ. ఎవరికైనా చెప్పలేక చెప్పే మాటను ఆమె తొందరగా చెప్పేస్తుంది. తర్వాత నిదానంగా కూర్చుంటుంది.

రంజాన్ బీ తల ఊపింది. మస్తాన్ వలి ఊపలేదు.

"ఈసారి ఐదు వారాలు అక్కర్లేదు. ఐదే సార్లు, రోజు మార్చి రోజు. సన్నటి కిరణాలు చుట్టూ ఎన్నో వైపుల నుంచి వచ్చి ఆ గింజ మీదే కలుస్తాయి. పక్కనున్న వాటికి దెబ్బ తక్కువ. కొంచెం దగ్గు, నీరసం, లోపల కాస్త వాపు రావచ్చు. మాత్రలు ఎలాగూ మార్చి ఇస్తాను. ఇది చేస్తే ఆ గింజను అక్కడే మాడ్చేయడానికి అవకాశం బాగానే ఉంది. మరోచోట రాదని మాత్రం నేను రాసివ్వలేను."

"చేసుకోకపోతే?" అంది రంజాన్ బీ.

"మాత్రలతోనే చూడొచ్చు. కొందరికి ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటుంది, కొందరికి ఉండదు. ఒక్కటే ఉండి, చిన్నగా ఉన్నప్పుడే దీనికి వీలు. ఇంటికి పోయి ఆలోచించుకుని వచ్చే శుక్రవారంలోగా ఫోన్ చేయండి. సరే అంటే సోమవారం రండి, మీ ఒంటికి పరుపు చేస్తాం."

పరుపు అనగానే రంజాన్ బీ మొగుడి వైపు చూసింది. ఇప్పుడు మొదలుపెడతాడు చూడు అనుకుంది. డాక్టరమ్మ లేచి, గోడవారగా ఉన్న నీలం సంచిలాంటి దాన్ని చూపించింది. లోపల ఆవగింజల్లాంటి పూసలు. మనిషిని దాని మీద పడుకోబెట్టి గాలి లాగేస్తే ఒంటి అచ్చు పడిపోయి రాయిలా బిగుసుకుంటుంది. వచ్చిన ప్రతిసారీ అదే అచ్చులో పడుకుంటే వెంట్రుకవాసి కూడా కదలరు.

నలభై ఏళ్లుగా పరుపులు కుట్టిన మనిషి. బస్సులో సీటు మెత్తగా ఉంటే లోపల ఏం కూరారో గుచ్చి చూసే మనిషి. పెళ్ళికి పోతే కుర్చీల దిండ్లు నొక్కి చూసే మనిషి. ఆ సంచి మీద చెయ్యి కూడా వేయలేదు. దూరం నుంచే చూసి తల తిప్పుకున్నాడు.

"ఏమప్పా, మీరేమంటారు?" అని డాక్టరమ్మే అడిగింది. "పోయినసారి లాగే ఒంటి మీద గీతలు, గుర్తులు పెడతాం. జాగ్రత్తగా కాపాడుకోవాలి. పోయినసారి బాగానే కాపాడుకున్నారులే."

గీతలు అన్న మాట వినగానే మస్తాన్ వలి తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. మొహంలో రంగు దిగిపోయింది. "నీళ్ళు తాగొస్తా" అని లేచి బయటికి వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో గోరంట్ల వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. కిటికీలోంచి దున్ని వదిలేసిన ఎర్ర నేలలు పోతున్నాయి. విత్తనం వేయాలా వద్దా అని రైతులు ఇంకా మబ్బు మొహం చూస్తున్నారు. రంజాన్ బీయే అడిగింది.

"ఏమంటావయ్యా, చేయించుకుందునా, వద్దా?"

"నీ ఇష్టం."

ముప్పయ్యారేళ్ల కాపురంలో ఆ మనిషి నోట "నీ ఇష్టం" అన్న మాట ఆమె వినలేదు. వంకాయలు తెచ్చినా తెల్లవి ఎందుకు తెచ్చావని వాదిస్తాడు. కూతురు హీనాకు పేరు పెట్టడానికి మూడు వారాలు పోట్లాడాడు. పోయినసారి ఈ జబ్బే వస్తే, "నువ్వు ఊరికే ఉండు, నేను చూసుకుంటా" అని చెయ్యి పట్టుకుని ఆస్పత్రి మెట్లెక్కించాడు. ఇప్పుడేమో నీ ఇష్టమట.

ఆ మాట వెనక ఏముందో ఆమెకు తెలియదు. మస్తాన్ వలికి తెలుసు.

మూడేళ్ల కింద, ఎండాకాలం. సోమవారం నుంచి శుక్రవారం దాకా బెంగళూరులో ఒక చిన్న గది తీసుకుని ఉండి, శుక్రవారం సాయంత్రం కదిరి బస్సెక్కేవాళ్ళు. ఎడమవైపు, రొమ్ము తీసేసిన చోట చుట్టూ ఆస్పత్రివాళ్ళు ఊదారంగు సిరాతో గీతలు గీశారు. ఆ గీతల లోపలే కరెంటు పడాలి. సబ్బు తగలకూడదు, నీళ్ళు తగలకూడదు అన్నారు. చెమట తగలకూడదంటే కదిరిలో ఎవరి తరం? మూడో వారం ఆదివారం నాడు పొద్దున లేచి చూసుకుంటే గీతలు సగం లేవు. ఉన్నచోట కూడా మాసిన మరకల్లా ఉన్నాయి.

రంజాన్ బీ ఏడ్చేసింది. గీతలు పోతే మళ్ళీ మొదటికొస్తుందని, స్కాన్లు తీసి, కొత్తగా లెక్కలు కట్టి ఇంకో వారం ఎక్కువ ఉంచుతారని ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్న ఎవరో పేషెంటు ఆమెకు చెప్పింది. ఆ గొంతు మంట, ఆ కమిలిన చర్మం, ఆ ఇరుకు గది ఒక్కరోజు ఎక్కువ భరించడం కూడా తన వల్ల కాదంది.

"దీనికేంటికి ఏడుస్తావు? గీతలు గీసేదే గదా నా పని," అన్నాడు మస్తాన్ వలి.

అంగడిలోంచి మార్కర్ తెచ్చాడు, టేపు తెచ్చాడు. భార్యను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మాసిన గుర్తుల్ని చూసుకుంటూ, మెడ ఎముక నుంచి ఇన్ని వేళ్ళు, చంక నుంచి ఇన్ని వేళ్ళు అని కొలిచి, చెయ్యి వణక్కుండా గీశాడు. గీసి, రెండడుగులు వెనక్కి జరిగి, తల పక్కకు వంచి చూసుకున్నాడు. ఆస్పత్రివాళ్ళ గీత కన్నా నిటారుగా వచ్చింది. రంజాన్ బీ కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఆ సోమవారం ఆస్పత్రిలో ఎవరూ ఏమీ అన్నట్టు లేదు. ఆ సాయంత్రం గదిలో భార్య ఒంటి మీద గీతలు చూసి, "చూడు, ఆస్పత్రోళ్ళకు గూడా తెలీలేదు" అని మస్తాన్ వలి మురిసిపోయాడు. ఆ వారమంతా మురుస్తూనే ఉన్నాడు.

ఆ మురిపెం మూడేళ్లు నిలిచింది. నెల కింద పోయింది.

స్కాన్ రిపోర్టులో ఊపిరితిత్తిలో మచ్చ ఉందని తెలిసిన మర్నాడు ఆయన తిమ్మక్క పరుపుకు గుడ్డ గీస్తున్నాడు. తిమ్మక్కది పక్క వీధి. నడుము నొప్పి, గట్టి పరుపు కావాలంది. గుడ్డ పరిచి, కొలత పెట్టి, మార్కరు ఆనించాడు. పరుపు గుడ్డను అసలు కొలతకు గీయరు. కుట్టు తినేస్తుంది కాబట్టి చుట్టూ అర వేలు వెడల్పు బయటికి వదిలి గీస్తారు. నలభై ఏళ్లుగా ఆయన చెయ్యి అంతే, చెప్పక్కర్లేదు, దానంతటదే వదిలేస్తుంది. అర వేలు వదిలి గీత లాగుతుండగా మస్తాన్ వలి చెయ్యి ఆగిపోయింది.

ఆ ఆదివారం రంజాన్ ఒంటి మీద కూడా కుట్టుకు వదిలే గీశాడు.

కళ్ళు మూసుకుని చూసుకున్నాడు. మాసిన గుర్తు లోపల, తన గీత బయట. సందేహం లేదు. అర వేలు. ఆ గీతను నమ్ముకుని ఆస్పత్రివాళ్ళు మిగిలిన వారాలన్నీ కరెంటు పెట్టారు. పడాల్సిన చోట పడకుండా అర వేలు పక్కకు పడింది. కాలాల్సిన విత్తనం కాలకుండా లోపలికి జారి, ఊపిరితిత్తిలో మొలిచింది. ఊపిరితిత్తి ఎక్కడుంది? ఆ గీత కిందే కదా ఉంది.

ఆయన లెక్క అది. తప్పో ఒప్పో ఎవర్ని అడగాలి? డాక్టరమ్మను అడిగితే, ఆస్పత్రి గీత మీద నువ్వెవడివి గీయడానికి అంటుంది. కూతుర్ని అడిగితే ఏడుస్తుంది. భార్యను అడగడానికి నోరు రాదు. ఏకై వచ్చి మేకై కూర్చున్నట్టు ఆ అర వేలు గుండెలో దిగబడిపోయింది. ఇప్పుడు చేయించుకో అని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? వద్దు అని ఏ నోటితో అనాలి? పోయినసారి నేను చూసుకుంటానని చూసుకున్నది ఇదే కదా. అందుకే ఆ బస్సులో ఆయనకు "నీ ఇష్టం" తప్ప వేరే మాట దొరకలేదు.

సోమందేపల్లెలో బడిపంతులమ్మగా చేస్తున్న హీనా రోజూ ఫోన్ చేసింది.

"నాయనా, ఖర్చు సంగతి నేను, మీ అల్లుడు చూసుకుంటామని చెప్పినాం గదా. దాని గురించి ఆలోచన వద్దు. నువ్వు ఒక్క మాట చెప్తే అమ్మ వింటాది. ఏం చెప్పినావు?"

"మీ అమ్మ ఇష్టం మా."

"ఏమైంది నీకు? ఒంట్లో బాగుండాదా?"

"బాగుండాది."

సోమవారం పోయింది, మంగళవారం పోయింది. తిమ్మక్క పరుపు ఎప్పుడిస్తావని వచ్చి, మాటల్లేని అంగడిలో కాసేపు ఇబ్బందిగా కూర్చుని, "ఏమన్నా, నా మీద కోపమా?" అని అడిగి పోయింది. కదిరిలో అంత తక్కువ సేపట్లో ఆ అంగడి మెట్లు దిగిన మొదటి మనిషి తిమ్మక్కే.

బుధవారం నాడు బువ్వ పెడుతూ రంజాన్ బీ చెప్పేసింది.

"నాకు వద్దులేయ్యా. మాత్రలు మింగుతా. బతికింది సాలు. పిల్ల సంసారం చూసినా, మనవరాలిని ఎత్తుకున్నా. ఇంగేం గావాల?"

మస్తాన్ వలి సంగటి ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కాదు అంటాడని ఆమె చూసింది. ఆయన ముద్ద పళ్ళెంలో పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. రంజాన్ బీ లోపలికి పోయి చాలాసేపు రాలేదు.

గురువారం నుంచి ఆమె కొత్త పని మొదలుపెట్టింది. మొగుణ్ణి వంటింట్లోకి పిలిచి డబ్బాలు చూపించింది. చింతపండు ఇందులో, రాగిపిండి అందులో, ఎండు మిరపకాయలు పై గూట్లో. నీ బీపీ మాత్రలు ఇదిగో ఈ మూలన, పొద్దున తెల్లది, సాయంత్రం సగం. గ్యాస్ బండ అయిపోతే ఫోన్ చేయాల్సిన నంబరు గోడ మీద రాసి పెట్టింది. మస్తాన్ వలి తల ఊపుతూ విన్నాడు. ఆమె ఎందుకు చూపిస్తోందో మొదట ఆయన బుర్రకెక్కలేదు. అంగడికి పోయి కూర్చున్నాక ఎక్కింది. ఎక్కాక, అక్కడున్న దూది మూట మీద తల పెట్టుకుని పడుకున్నాడు. ఇద్దరు వచ్చి పిలిచి పోయారు, లేవలేదు.

శుక్రవారం తెల్లవారింది. డాక్టరమ్మకు ఫోన్ చేయాల్సిన రోజు. తొమ్మిది గంటలకు రంజాన్ బీ మళ్ళీ పిలిచింది.

"ఇట్ల రా. ఊరుబిండి నేర్పిస్తా. నీకు సంగటిలోకి అది లేకుంటే ముద్ద దిగదు. రేపు ఇంగొకరిని అడుక్కోవాల్సిన పని ఉండకూడదు."

ఆ పచ్చడికి బాణలి పెట్టించింది, చెనక్కాయ గింజలు పోయించింది, గరిటె చేతికిచ్చింది.

"సన్న సెగ మీద తిప్పతా ఉండు. వేగినాయా లేదా అనేది కంటితో చూస్తే తెలీదు, ముక్కుకు తెలుస్తాది."

ఆయన తిప్పుతున్నాడు. ఆమె పక్కన పీట మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. కాస్త దగ్గు వచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ దగ్గు విని మస్తాన్ వలి చెయ్యి ఆగింది. ఆగిన చెయ్యి మళ్ళీ కదల్లేదు. గింజలు నల్లబడ్డాయి, పొగ లేచింది.

"యో! మాడిపోతాండాయి! ముక్కు యాడ పెట్టుకున్నావు?" అంటూ రంజాన్ బీ లేచి స్టవ్ కట్టేసింది.

"అంతా నా వల్లే, రంజానూ."

"నీ వల్ల కాక నా వల్లా? తిప్పతా ఉండమంటి గదా."

"చెనక్కాయలు కాదే. నీ రోగం. నేనే తెచ్చినా దాన్ని మళ్ళ."

గరిటె ఇంకా ఆయన చేతిలోనే ఉంది. రంజాన్ బీ దాన్ని తీసుకుని పక్కన పెట్టింది. "కూచో. ఏంది నువ్వనేది?" అంది.

మస్తాన్ వలి నేల మీద కూలబడ్డాడు. నెల రోజులుగా లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. ఆ ఆదివారం, ఆ మార్కరు, తిమ్మక్క పరుపు, అర వేలు. "కుట్టుకు వదిలి గీసినానే నీ మీద! గుడ్డ అనుకునింది నా పాడు చెయ్యి! ఆ గీత చూసుకొని కరెంటు పెట్టినారు, అర వేలు పక్కకు పడింది, లోపల అది మిగిలిపాయ. ఆస్పత్రి గీత మీద చెయ్యి పెట్టేదానికి నేనెవర్ని? నీ ప్రాణం మీదికి తెచ్చినా," అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆయన తువ్వాలు కొంచెం దించి చూశాడు. ఆమె పెదాలు బిగబట్టి ఉంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు. ఆమె నవ్వుతోంది. ఆపుకోలేక పగలబడి నవ్వి, దగ్గు వచ్చి, గోడకు ఆనుకుని, మళ్ళీ నవ్వింది.

"కుట్టుకు వదిలి గీసినావని నాకు ఆ పొద్దే తెలుసు గదయ్యా!"

మస్తాన్ వలి నోరు తెరుచుకుంది.

"సోమవారం తెల్లారుజామున బస్సెక్కినామా. గోరంట్ల దాటినాక నువ్వు నా భుజం మీద తల పెట్టుకొని గురక పెడతాండావు. నేను కొంగు చాటున జాకెట్టు సర్దుకుంటా చూసుకుంటి. పాత గీత నీడ లోపల ఉండాది, నీ గీత బయట ఉండాది. ముప్పై ఏండ్లు నీ గీతల మీద కుట్టినదాన్ని, నాకు తెలీదా అదేందో? ఈ తిక్క మనిషి నన్ను గూడా పరుపు చేసినాడే అనుకుంటి."

"మళ్ళ?"

"మళ్ళేముంది! ఆస్పత్రికి పోతానే ఆడోళ్ళ బాత్రూములో దూరి, కొంగు తడిపి, బరబరా తుడిచేస్తి. చెమటకు పోయినాయని మిషన్ కాడుండే ఆయమ్మకు చెప్తి. ఆయమ్మ కన్నడంలో తిట్టిన తిట్లు సగమే అర్థమాయ, నా అదృష్టం. నా ఒంటి మీద సూది మొనంత పచ్చబొట్టు చుక్కలు మూడు పెట్టినారంట ముందే. గీతలు పోయినా అవి పోవంట. వాటిని పట్టుకొని, ఫోటో తీసి చూసుకొని మళ్ళ గీసినాది. ఒక్క దినం గూడా ఎక్కువ కాలేదు. ఆ బెంచీ మీదామె చెప్పిందంతా ఉత్తదే."

మస్తాన్ వలి కాసేపు లెక్క వేసుకున్నాడు.

"అంటే ఆ సాయంత్రం నేను చూసి మురిసిన గీత..."

"ఆయమ్మది."

"మరి నాకు ఏంటికి చెప్పలేదే?"

"ఎట్ల చెప్పాల? లైటు కింద నిలబెట్టి, 'చూడు, ఆస్పత్రోళ్ళకు గూడా తెలీలేదు' అని మీసం దువ్వతివి. వారం దినాలు అదే మాట. నా నొప్పంతా మర్చిపోయి లోపల్లోపల నవ్వుకుంటి. నీ సంతోసం నేనేంటికి చెరపాల? అందుకే మూసుకున్నా నోరు."

మస్తాన్ వలి ఏడ్చాడు. ఈసారి తువ్వాలు అడ్డం పెట్టుకోలేదు. ఏడుస్తూనే కోపం వచ్చింది. "మూడేండ్లు దాచినావే నా దగ్గర!" అన్నాడు. "నువ్వు నెల దినాలు దాచలేదా?" అంది రంజాన్ బీ. తువ్వాలు తీసుకుని ఆయన ముక్కూ మొహమూ తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ నవ్వడం ఆపేసింది.

"డాక్టరమ్మ గూడా చెప్పె గదా, కరెంటు పెట్టిన చోట ఏమీ లేదని. నువ్వు వినలేదా?"

"విన్నా. గీత అనే మాట వినబడినాక ఇంగేం చెవికెక్కలేదు."

"అందుకేనా ఆ నీలం సంచి చూపిస్తే చెయ్యి గూడా పెట్టలేదు నువ్వు?"

ఆయన తల ఊపాడు. రంజాన్ బీ ఆయన ఎదురుగా నేల మీదే కూర్చుంది. పెద్ద వయసు మోకాళ్ళు, కూర్చోవడానికి కాస్త సమయం పట్టింది.

"నేనేమనుకుంటినో తెలుసా? ఈ మనిషి నా మీద ఆశ వదిలేసినాడు అనుకుంటి. మళ్ళ ఆ బస్సులు, ఆ గది, నా మూలుగులు ఈయప్పకు సాలైపోయినాయి, నోరు తెరిచి చెప్పలేక నీ ఇష్టం అంటాండాడు అనుకుంటి. అట్లాంటప్పుడు చేయించుకుంటానని ఎట్ల అడగాల? సిగ్గయింది నాకు."

"ఓసి తిక్కదానా," అన్నాడు మస్తాన్ వలి. వారం తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి అసలైన మాట అదే. "ఆశ వదిలేస్తానా నీ మీద? నువ్వు లేకుంటే నేను ఎవరితో పోట్లాడల్ల?"

"ఇంగొకటి గూడా దాచినా."

"ఇంగా ఉండాదా?" అన్నాడు ఆయన భయంగా.

రంజాన్ బీ చేతిలో మిరపకాయ తొడిమ ఉంది. దాన్ని వేళ్ళ మధ్య తిప్పింది.

"బతికింది సాలు అంటి గదా. అబద్ధం. నాకు బతకాలని ఉండాది. హీనా కోసరం, మనవరాలి కోసరం అని అందరూ అంటారు. అది గూడా కాదయ్యా. నాకే. పొద్దున లేస్తానే టీ తాగాలని ఉండాది. మిషన్ ముందర కూచొని కుట్టాలని ఉండాది. ఊరికే, నాకు బతకాలని ఉండాది. ఈ మాట ఇంతవరకు ఎవురికీ చెప్పలేదు."

మస్తాన్ వలి ఆమె దగ్గరికి జరిగాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఐదు సార్లతో ఆ గింజ మాడుతుందో మాడదో, మాడినా మరోచోట మొలుస్తుందో, ఇద్దరికీ తెలియదు. డాక్టరమ్మే రాసివ్వలేనంది. అయినా ఆ పొగ నిండిన వంటింట్లో ఆయనకు చాలా రోజుల తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడింది.

లేచి ఫోన్ తెచ్చాడు. డాక్టర్ భారతి నంబరు నొక్కాడు. అవతల ఆమె ఎత్తి, "చెప్పండి మస్తాన్ వలి గారూ" అంది. మాటలకు పెట్టింది పేరైన మనిషి, అవసరమైన ఒక్క మాట దగ్గర తడబడిపోయి నిలబడ్డాడు. రంజాన్ బీ ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"డాక్టరమ్మా, నేను కదిరి రంజాన్ బీని. సోమవారం వస్తాండా."

అవతల నుంచి డాక్టరమ్మ ఏదో అడిగింది. రంజాన్ బీ మొగుడి మొహం వైపు చూస్తూ వింది.

"లేదమ్మా, ఆయన్ని అడగాల్సిన పని లేదు," అంది. "చేయించుకోవాలని నాకు ఉండాది. ఆయన నా యెంట వస్తాడు."